సున్నం కింద పేరు

మొన్న ఏలూరులో కంటి ఆసుపత్రికి వెళితే, కంట్లో చుక్కలు వేసి కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు, ఎదురుగా మాత్రం గోడంత టీవీ పెట్టారు. కళ్ళు మూసుకోమన్న వాళ్ళకి టీవీ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఉద్యోగమంతా ఆసుపత్రుల్లో నర్సుగా గడిపినదాన్ని కనక ఇలాంటివి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కానీ రిటైరైన మనిషి మాట ఎవరు వింటారులే అని ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ కళ్ళు మూసుకోలేదు. మసకమసకగా ఆ టీవీలో పచ్చటి కొండలు, వాటి మధ్య రేకుల కప్పుల కింద నిలబడిన రాతి బొమ్మలు కనిపించాయి. పెద్ద తలలు, పొట్టి కాళ్ళు, నోటి నుంచి బయటికి వచ్చిన కోరలు. కింద అక్షరాలేవీ నాకు ఆనలేదు, ఆ కోరలతోనే గుర్తుపట్టాను. పక్క కుర్చీలో ఆవిడెవరో, అమ్మో రాక్షసుల్లా ఉన్నారండీ అంది. నేను వాళ్ళని దగ్గర నుంచి చూశానండీ, మా అక్కతో కలిసి వెళ్ళాను అని నోటిదాకా వచ్చింది. అంటే, అంతదూరం ఎందుకెళ్ళారండీ అని అడుగుతుంది కదా. ఆ జవాబు ఆసుపత్రి వరండాలో చెప్పేది కాదు కాబట్టి అక్కడ మింగేసి, ఇంటికొచ్చి ఇలా కాగితం మీద పెడుతున్నాను.

మాది మండవల్లి అవతల కొల్లేటి ఒడ్డున ఒక లంక గ్రామం. మన ఈడు వాళ్ళకి తెలుసు, ఆ రోజుల్లో ఇన్ని చేపల చెరువులు, ఇన్ని గట్లు లేవు. వానాకాలం వచ్చిందంటే గుమ్మం ముందుకే నీళ్ళు, బడికైనా చర్చికైనా పడవే. రాయి అన్నది లేని నేల అది. ఎంత తవ్వినా నల్లమట్టే, కాకిని అదిలించాలన్నా మట్టిబెడ్డే. ఇంటి పునాదికి రాయి కావాలంటే మెట్ట నుంచి తెప్పించుకోవాలి. మా ఊళ్ళో ఉన్న కాసిని రాళ్ళూ ఎక్కడ ఉండేవంటే సమాధుల తోటలో ఉండేవి. అవీ నిలిచేవి కావు. వానకి నేల నాని, రాయి తన బరువుకి తానే లోపలికి దిగబడిపోయేది. ఓ నాలుగేళ్ళు పట్టించుకోకపోతే అక్కడ ఒక మనిషి ఉన్న ఆనవాలు కూడా మిగిలేది కాదు.

అందుకని నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండుగకి ముందు, ఊళ్ళో మా క్రైస్తవ కుటుంబాలన్నీ పలుగూ పారా పట్టుకుని వెళ్ళి, దిగబడిన రాళ్ళని పైకి లేపి, అడుగున గట్టిమట్టి కూరి నిలబెట్టి, సున్నం వేసేవాళ్ళు. సున్నం ఆరాక మా నాన్నగారు, ఆయన మిషను బడిలో పంతులుగారు లెండి, నల్లరంగు డబ్బా, సన్న కుంచె పట్టుకుని ఒక్కొక్క రాయి ముందూ గొంతుక్కూర్చుని, సున్నం కింద మునిగిపోయిన పేరుని మళ్ళీ రాసేవారు. సున్నం వేస్తే పేరు రాయాలి, అంతే. అన్నం వండితే గంజి వార్చాలని ఎవరైనా విడిగా చెబుతారా, ఇదీ అంతే.

సున్నం పని మా అక్కది. పెళ్ళికాక ముందూ అక్కదే, అయ్యాకా అక్కదే, ఎందుకంటే బావగారిది కూడా ఆ ఊరే. ముందురోజే గుల్లసున్నం కుండలో నానేసి, పలచటి గుడ్డలో వడకట్టి, చిటికెడు నీలిమందు కలిపేది. అక్క వేసిన రాయి పక్కన ఇంకొకరు వేసిన రాయి మురికిగా కనిపించేది. నేను అంత ఓపిక ఉన్నదాన్ని కాను, అక్కని తెగ ఏడిపించేదాన్ని, చచ్చినవాళ్ళకి ఇంత ముస్తాబేంటే అని. అక్క నవ్వేది గానీ చెయ్యి ఆపేది కాదు.

బావగారు చేపపిల్లల పెంపకంలో చెయ్యి తిరిగిన మనిషి. తాడేపల్లిగూడెం దగ్గర ఒక హేచరీలో ఏళ్ళ తరబడి పనిచేశారు. అది మూతపడ్డాక, వయసు యాభై దాటిన మనిషికి ఇక్కడ కొత్తగా పని ఎవరూ ఇవ్వక, తెలిసినవాళ్ళు చెబితే కొలంబియా అనే దేశం వెళ్ళారు. దక్షిణ అమెరికాలో కొండల మధ్య పెద్ద రిజర్వాయరు, దాని చుట్టూ తిలాపియా చేపల పెంపకం, ఆ చేపల గుడ్లు పొదిగించే పని. అక్కకీ బావగారికీ పిల్లలు లేరు. రెండేళ్ళలో వచ్చేస్తానని చెప్పి వెళ్ళారు. కరోనా వచ్చిన మొదటి ఏడు, ఆ ఊరి ఆసుపత్రిలోనే పోయారు.

ఆ రోజులు ఎలాంటివో మీకు నేను చెప్పక్కర్లేదు. విమానాలు లేవు, శవాన్ని పంపే దారి లేదు. బావగారితో పనిచేసే భీమవరం వైపు మనిషి ఒకతను, సొంత తమ్ముడిలా నిలబడి, అక్కడి స్మశానంలోనే పెట్టించాడు. అక్కడ నేలలో పాతిపెట్టరట. గోడలో వరసగా గూళ్ళు కట్టి, పెట్టెని లోపలికి తోసి, మూతికి సిమెంటు పూసి, పైన పేరు రాస్తారు. బావగారి పేరు ఆ స్మశానం కాపరి, ఒక ముసలాయన, నల్లరంగుతో రాశాడు. ఆ ఫొటో అక్క ఫోనుకి వచ్చింది. మొగుడి చావు అక్కకి అందింది ఆ ఒక్క ఫొటో రూపంలోనే.

అక్క ఏడ్చింది గానీ నమ్మలేదు. శవాన్ని చూడనివాళ్ళకి ఆ చిక్కు ఉంటుంది, నా ఉద్యోగంలో ఎంతమందిని చూశానో. పొద్దున్నే రెండు గ్లాసుల్లో కాఫీ పోసి, ఒకటి అలాగే పెట్టి, చల్లారాక పారబోసేది. అలాంటి మనిషిని నిలబెట్టిన సంగతి ఒకటే ఒకటి. ఆ గూళ్ళు శాశ్వతం కాదు. నాలుగేళ్ళయ్యాక ఎముకలు తీసి ఇంటివాళ్ళకి ఇచ్చేస్తారు, ఆ గూడు ఇంకొకరికి వాడుకుంటారు. అక్క ఆ నాలుగేళ్ళ కోసం బతికింది. మా సమాధుల తోటలో ఇద్దరికి సరిపడా స్థలం ఫాదర్‌గారిని అడిగి ఉంచుకుంది. ఆ ఎముకలు తన చేత్తో పట్టుకుని, తన చేత్తో అక్కడ పెట్టి, తరవాత ఆ పక్కనే తాను పడుకోవాలి. అంతకు మించి ఈ లోకంలో అక్క ఇంకేమీ కోరుకోలేదు.

ఈలోగా ఏటా సమాధుల పండుగకి ముందు అక్క భీమవరం అతనికి ఫోను చేసేది. బాబూ, ఆ గూటికి సున్నం వెయ్యి, రెండు పూతలు వెయ్యి, తెల్లగా ఉండాలి అని. పాపం అతను ప్రతి ఏడూ మాట తప్పకుండా వేసి ఫొటో పంపేవాడు. అక్క ఆ ఫొటో నాకూ ఊరందరికీ చూపించి, ఎంత శుభ్రంగా వేశాడో చూడవే అని మురిసిపోయేది. మేమందరం ఆ తెలుపే చూశాం.

మేము బయలుదేరేసరికి వీసాలనీ అవనీ ఆలస్యమైంది. మండవల్లి వడ్రంగి చేత అక్క చిన్న టేకు పెట్టె చేయించింది, అందులో పరచడానికి కొత్త పంచె కొన్నది, బావగారికి జరీ అంచు ఇష్టమని జరీ అంచుదే. విమానాలు మారి మారి, ఆ పైన కొండదారిన బస్సులో పడుతూ లేస్తూ వెళ్ళాం. దారంతా అక్క ఆ పెట్టెని ఒళ్ళోంచి దించలేదు. నేను విసుక్కున్నాను కూడా, పైన పెట్టవే ఎవరూ ఎత్తుకుపోరు అని.

ఆ స్మశానంలో ముసలి కాపరి లేడు, పోయాడట. కొత్తతను మమ్మల్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళి, ఖాళీగా నోళ్ళు తెరుచుకుని ఉన్న గూళ్ళ వరస చూపించి ఏదో చెప్పాడు. మమ్మల్ని అక్కడ కలుసుకుని వెంట వచ్చిన భీమవరం అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మాతో మాత్రం, కాగితాల పని ఉందటండి, ఎల్లుండి రమ్మంటున్నారండి అన్నాడు. అక్క సరేనంది. ఆ మధ్యాహ్నం అక్క బస గదిలో నడుం వాల్చినప్పుడు అతను నన్ను వరండాలోకి పిలిచి అసలు సంగతి చెప్పాడు. గడువు తీరిన గూళ్ళ పేర్లు చర్చిలో చదివారట, వచ్చినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారట. కరోనా రోజుల్లో హడావుడిగా పెట్టినవాళ్ళలో ఎవరు ఎక్కడున్నదీ ముసలాయన తలలోనే ఉండేది, ఆయనతోనే పోయింది. పేరున్న గూళ్ళని ఇంకొన్నాళ్ళు ఆపారు. పేరు లేని గూళ్ళు తెరిచి, అందులోవి అన్నీ ఒకే గుంటలో పోసేశారు. మేము వెళ్ళడానికి కొద్ది వారాల ముందే. బావగారి గూటికి పేరు లేదు, తెల్లటి సున్నం ఉంది.

అతను హిందువు. వాళ్ళ ఇళ్ళలో దహనం చేస్తారు, బూడిద గోదాట్లో కలుపుతారు. సున్నం వెయ్యమన్నారు కాబట్టి శ్రద్ధగా వేశాడు. వేశాక పేరు మళ్ళీ రాయాలన్నది అతనికి తెలియదు. మా అక్కకేమో అది చెప్పాల్సిన మాట అని కూడా తోచలేదు. అతను చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా మనిషి దొరకలేదు. ఆవిడకి ఎలా చెప్పాలండీ అని అడిగాడు. శవాల పక్కన నిలబడి ఎంతమందికో ఎన్నో చెప్పినదాన్ని, మా అక్కకి చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. రేపొక్క రోజు ఎక్కడికైనా తీసుకెళ్ళు నాయనా, నేను కాస్త కూడదీసుకుంటాను అన్నాను. అలా మేము సాన్ అగస్తీన్ అనే ఊరికి ఆ రాతి బొమ్మల్ని చూడ్డానికి వెళ్ళాం. ఎవరైనా వింటే షికారుకి వెళ్ళారనుకుంటారు.

సన్నటి జల్లు పడుతోంది. కాఫీ తోటలు దాటి పైకి వెళితే, పచ్చగడ్డి గుట్టలు, ఆ గుట్టల్లో బండలు నిలబెట్టి కట్టిన రాతి గదులు, వాటి ముందు ఈ బొమ్మలు. గద్ద ఒకటి పాముని ముక్కున కరుచుకుని ఉంది. ఒక బొమ్మ రెండు చేతుల్తో పసిపిల్లని పట్టుకుని ఉంది, ఎత్తుకుందో మింగబోతోందో తెలియడంలేదు. రాయి లేని ఊళ్ళో పుట్టినవాళ్ళం కదా, అంత రాయిని ఒక్కచోట చూసి అక్క ఒక్కొక్క బొమ్మ అడుగునా వంగి చూసింది. కాసేపటికి, ఇవి దిగబడవు కదే అంది. అక్కడ ఒకే రాతిలో తొలిచిన శవపేటిక కూడా ఉంది, మూత లేకుండా, లోపల వాననీళ్ళతో. అక్క దాని అంచు పట్టుకోబోతే కాపలావాళ్ళు వద్దన్నారు.

బొమ్మలు చూపించే గైడు ఆవిడ వాళ్ళ భాషలో చెబుతుంటే భీమవరం అతను తెలుగులో చెప్పాడు. ఇవన్నీ సమాధులట. వేల ఏళ్ళ కిందటివట. బంగారం కోసం దొంగలు తవ్విపోశాక చాలా బొమ్మలు ఎక్కడివి ఎక్కడికో మారాయట. లోపల ఎముకలు కూడా లేవట, ఆ మట్టి గుణం అలాంటిది, ఎముకని తినేసిందట. ఈ బొమ్మ ఎవరిదని అక్క అడిగించింది. ఎవరికీ తెలియదు, వాళ్ళు రాత అన్నది వదిలి వెళ్ళలేదు అని చెప్పింది. ఒకప్పుడు వీటికి ఎరుపూ పసుపూ తెలుపూ రంగులుండేవని కూడా చెప్పింది. అక్కకి ఆ మాట పట్టుకుంది. మరి ఇప్పుడెందుకు వెయ్యరు, ఏటా వేస్తే బాగుంటుంది కదా అని అడిగించింది. ఆవిడ నవ్వి ఏదో అంది. భీమవరం అతను చెప్పడానికి కొంచెం తడబడ్డాడు. ఏ రంగు ఎక్కడో తెలిసినవాళ్ళు లేరటండి, తెలియకుండా పూస్తే రాతి మీద మిగిలిన గుర్తు కూడా పోతుందటండి అన్నాడు.

అక్క కోరలున్న ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. కొంగు నెత్తి మీద కప్పుకుంది, అంతా తడిసిపోతోంది, రావే అని నేను పిలుస్తున్నాను. అప్పుడు అటే చూస్తూ అతన్ని అడిగింది.

"బాబూ, నువ్వు సున్నం వేశాక ఆయన పేరు ఎవరు రాశారు?"

అతను నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"రాయాలని నాకు తెలవదండి అక్కగారూ."

"నీకెలా తెలుస్తుందిలే నాయనా. నేను చెప్పందే."

అంతే అంది. కేకలు పెట్టి ఏడుస్తుందని, పడిపోతుందని పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, ఏమీ జరగలేదు. తిరుగు దారిలో కారులో ఒకసారి మాత్రం, నీలిమందు కూడా కలపమన్నానే అంది. నేను అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

గుంట సంగతి ఆ రాత్రి గదిలో నేనే చెప్పాను, మర్నాడు అక్కడికి తీసుకెళ్ళమంది. స్మశానంలో ఓ మూల, ఇనుప మూత వేసి ఉంది. కాపరి మూత జరిపాడు. లోపల ఏముందో నేను చూశాను, ఇక్కడ రాయను. ఆ కాపరి కూడా జాలిగల మనిషే. మా చేతిలో ఖాళీ పెట్టె చూసి, కావలసినన్ని ఎముకలు తీసుకెళ్ళమన్నాడు, ఎవరూ ఏమీ అనరన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట నచ్చింది. ఇంటి దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారు, నీ గుండె కుదుటపడుతుంది, ఎవరికి తెలుస్తుందిలే అక్కా, తీసుకుందాం, ఆయనవి కూడా ఉండొచ్చు కదా అని బతిమాలాను. అక్క నా వైపు తిరగనైనా లేదు.

"వద్దని చెప్పు బాబూ. ఎవరో తల్లి కన్నబిడ్డ. వాళ్ళవాళ్ళు రేపొచ్చి వెతుక్కోవద్దా?"

కొత్త పంచె మడత విప్పి, ఆ గుంటలోకి జారవిడిచింది. ఒక్కరి కోసం తెచ్చిన పంచె ఎంతమందికి కప్పుతుంది? అయినా కప్పినంత కప్పనీ అనుకుందేమో, మూత వేసేదాకా అక్కడే నిలబడి జపమాల చెప్పుకుంది. ఖాళీ పెట్టె మళ్ళీ ఒళ్ళో పెట్టుకునే ఇంటికొచ్చింది.

మా ఊళ్ళో అప్పటికే గొయ్యి తవ్వి, షామియానా వేసి, మైకు కూడా పెట్టారు. ఫాదర్‌గారు ఎదురొచ్చి పెట్టె అందుకోబోతే అక్క ఇవ్వలేదు. జరిగింది జరిగినట్టు అందరిముందూ తానే చెప్పింది. ఒకరిద్దరు ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు, మొగుడి పేరు తానే చెరుపుకుందని గుసగుసలు పోయారు కూడా; నాకు వినిపించాయంటే అక్కకీ వినిపించే ఉంటాయి. ఖాళీ పెట్టెనైనా పాతిపెడదామని ఫాదర్‌గారు మంచిమాటగానే అన్నారు. లేని మనిషిని ఉన్నట్టు పెట్టడం ఎందుకండీ అని గొయ్యి పూడ్పించేసింది. ఆ ఏడు సమాధుల పండుగకి సున్నం కుండ ముట్టుకోలేదు. అడిగితే చేతులు వణుకుతున్నాయంది.

ఆ మరుసటి వానాకాలంలో మా ఊరి చెరువు గట్టు మీద కాపలా ఉండే ఒకతను పాము కరిచి పోయాడు. ఒడిశా అన్నారు కొందరు, ఇంకా అవతల అన్నారు కొందరు. ఏజెంటు ఎవరో తెచ్చి దింపిన మనిషి, పేరు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు, ఫోను నీళ్ళలో పడి పాడైంది. పోలీసులు వచ్చారు, ఆసుపత్రికి తీసుకెళ్ళారు, కబురుకి ఎవరూ రాలేదు, చివరికి శవం మళ్ళీ మా ఊరికే వచ్చింది. ఊరి స్మశానం నీళ్ళలో ఉంది, మా సమాధుల తోటలో మెరకగా ఉన్న జాగా అక్క ఉంచుకున్నదొక్కటే. అక్క వెళ్ళి, మా ఆయన చోట్లో పెట్టండి అంది. పెద్దలు ఒప్పుకోలేదు. అతను ఏ మతమో, ఏ కులమో తెలియదు, రేపు ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారన్నారు. మా అక్క జన్మలో పెద్దలకి ఎదురు చెప్పలేదు, ఆ రోజు కూడా గొంతు పెంచలేదు.

"మా ఆయన్ని పెట్టుకున్నప్పుడు అక్కడ వాళ్ళెవరూ అడగలేదండి."

పెట్టారు. మెరకే అయినా గోతిలో నీళ్ళు ఊరాయి, బిందెలతో తోడి పోశారు. తరవాత అక్క మెట్ట నుంచి ఒక రాయి తెప్పించి నిలబెట్టించింది గానీ దాని మీద ఏ పేరూ రాయనివ్వలేదు, తప్పు పేరు రాస్తే వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు దాటి వెళ్ళిపోతారంది. కొత్తగా ఎవరు గట్ల మీద పనికి వచ్చినా పిలిచి, మీ వైపు మనిషి ఎవరైనా ఇంటికి తిరిగి రాలేదా అని అడిగేది. ఆ చలికాలంలోనే తనకీ ఛాతీలో నీరు చేరింది, నా చేతుల్లోనే పోయింది. అతని పక్కనే పెట్టాం.

ఇప్పుడు మా సమాధుల తోటలో సున్నం వాసన లేదు. తాడేపల్లిగూడెంలో నల్ల గ్రానైటు పలకల మీద మిషనుతో పేరూ ఫొటో చెక్కి ఇస్తున్నారు, అడుగున కాంక్రీటు పోస్తున్నారు. రాయి దిగబడదు, పేరు చెరగదు, అందువల్ల ఏటా వచ్చి లేపాల్సిన పనీ, కూర్చుని రాయాల్సిన పనీ లేక, వచ్చేవాళ్ళు కొవ్వొత్తి వెలిగించి కారు దిగినంతసేపట్లో ఎక్కేస్తున్నారు. నేను తప్పు పట్టడంలేదు, నా ఒంట్లోనూ పలుగు పట్టే సత్తువ లేదు. కానీ ఆ పేరులేని రాయి ఎవరిదో అందరికీ మరుపు వచ్చేసింది. మొన్న పండుగకి ఎవరో పిల్లలు దాని మీద పూలు పెట్టి, అది మా బావగారిదనుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. అక్క పోయాక చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, నా తరవాత ఎవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పి పెడుతున్నాను. మండవల్లి అవతల మా లంకలో, మా అక్క రాయికి ఎడంపక్కన ఉన్నది మా బావగారు కాదు. చెరువు కాపలాకి వచ్చి పాము కరిచి పోయిన మనిషి కోసం ఎవరైనా అడిగితే, అక్కడికి తీసుకెళ్ళి చూపించండి.